కరక్కాయ ఎక్స్‌ట్రాక్ట్‌కి ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ మీద 18 మిల్లీమీటర్ల జోన్ వచ్చింది, తర్వాత ఏం చేయాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేస్తున్నాను. కరక్కాయ పెచ్చుల మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌ను డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావణిలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి, ఒక్కో వెల్‌లో 100 మైక్రోలీటర్లు పోసి అగార్ వెల్ డిఫ్యూజన్ (బ్యాక్టీరియా పూసిన అగార్‌లో గుంత చేసి మందు పోసే పరీక్ష) చేశాను. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా) మీద 18 మి.మీ. జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం, వచ్చింది. పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టిన యాంపిసిలిన్ డిస్క్‌కి జోన్ రాలేదు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా మీద మాత్రం ఎక్స్‌ట్రాక్ట్ ఏమీ పని చేయలేదు. "మా ఎక్స్‌ట్రాక్ట్ యాంటీబయోటిక్ కంటే శక్తివంతమైనది" అని రాయవచ్చా? ఇంకా ఏ పరీక్షలు చేయాలి?

సమాధానం:

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. దాన్ని రాయకండి. మీకు 18 మి.మీ. జోన్ వచ్చిందంటే వచ్చే ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ మీరు చేసిన పోలిక నిలబడదు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉన్న ద్రావణం 100 మైక్రోలీటర్లు అంటే, ఆ ఒక్క వెల్‌లో 10 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్ పోశారు. అంటే 10,000 మైక్రోగ్రాములు. మామూలు యాంపిసిలిన్ డిస్క్‌లో ఉండేది 10 మైక్రోగ్రాముల మందు. వెయ్యి రెట్లు ఎక్కువ పోసి, ఎదుటివాడికంటే బలవంతుణ్ణి అనుకున్నట్టు అవుతుంది.

పైగా ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ యాంపిసిలిన్‌కి ఎలాగూ లొంగదు. మెక్-ఏ అనే జీన్ వల్ల అది పీబీపీ2ఏ అనే ప్రోటీన్‌ను తయారు చేసుకుంటుంది. యాంపిసిలిన్ లాంటి బీటా లాక్టమ్ మందులు మామూలు పీబీపీలను (కణ గోడ కట్టే ప్రోటీన్లను) పట్టుకుని పని ఆపేస్తాయి గానీ, ఈ ప్రోటీన్‌ను సరిగ్గా పట్టుకోలేవు. అందుకే మందు ఉన్నా కణ గోడ కట్టడం ఆగదు. పని చేయదని ముందే తెలిసిన మందును పాజిటివ్ కంట్రోల్ అనలేం. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏకి వాంకోమైసిన్ లాంటిది కంట్రోల్‌గా ఉండాలి. అదీ డిస్క్‌తో కాదు, ఎమ్‌ఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస సాంద్రత) కొలిచే పద్ధతిలో. వాంకోమైసిన్ అణువు పెద్దది, అగార్‌లో నెమ్మదిగా పాకుతుంది, కాబట్టి స్టెఫైలోకాకస్ విషయంలో దాని డిస్క్ జోన్‌ను నమ్మలేం.

ఇంకో మాట. యాంపిసిలిన్‌కి జోన్ రాకపోవడం వల్ల మీ స్ట్రెయిన్ ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ అని కూడా తేలదు. మెథిసిలిన్‌కి లొంగే మామూలు స్టెఫైలోకాకస్ ఆరియస్‌లలో కూడా చాలావాటికి పెనిసిలినేజ్ ఎంజైమ్ ఉంటుంది, అవీ యాంపిసిలిన్‌ను లెక్కచేయవు. తేల్చుకోవాలంటే 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్క్ పెట్టండి. సీఎల్ఎస్ఐ అనే ల్యాబ్ ప్రమాణాల సంస్థ ప్రకారం జోన్ 21 మి.మీ. లేదా అంతకంటే తక్కువ వస్తే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ కింద లెక్క. 22 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కాదు. వీలైతే మెక్-ఏకి పీసీఆర్ కూడా చేయండి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మేం ఒక ప్రాజెక్టులో నాలుగు నెలల పాటు ఒక ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ స్ట్రెయిన్ మీద పని చేశాం. ఫలితాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఒక రోజు వేరే పని కోసం సెఫాక్సిటిన్ డిస్క్ పెడితే 27 మి.మీ. జోన్ కనిపించింది. స్లాంట్ నుంచి స్లాంట్‌కి మారుస్తూ మారుస్తూ ఎక్కడో ఆ స్ట్రెయిన్ రెసిస్టెన్స్ పోగొట్టుకుంది. మెక్-ఏ ఉండే జన్యు ముక్క అప్పుడప్పుడూ ఊడిపోతుంది, యాంటీబయోటిక్ ఒత్తిడి లేని చోట అలాంటి కణాలు ముందుకు వచ్చేస్తాయి. ఆ నాలుగు నెలల డేటా అంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్ ప్రయోగంలోనూ ఒక మూల సెఫాక్సిటిన్ డిస్క్ ప్లేట్ తప్పనిసరిగా పెడుతున్నాం. స్ట్రెయిన్‌ను మైనస్ 80 డిగ్రీల దగ్గర గ్లిజరాల్‌లో చాలా గొట్టాలుగా దాచి, ప్రతిసారీ అక్కడి నుంచే తీస్తున్నాం.

ఇప్పుడు అసలు విషయం. మీ ప్రశ్న మందుకు లొంగని బ్యాక్టీరియా గురించి. అలాంటప్పుడు ఒక్క ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ మీద వచ్చిన ఏ అంకె అయినా సగం జవాబే. పక్కనే లొంగే స్ట్రెయిన్ ఉండాలి. అదే ప్లేట్, అదే రోజు, అదే బ్రోత్ (ద్రవ పోషక మాధ్యమం). ఏటీసీసీ అనే కల్చర్ బ్యాంకు నంబర్లతో ఏటీసీసీ 29213 (లొంగేది), ఏటీసీసీ 43300 (ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ) అనే జంట చాలా ల్యాబ్‌లలో దొరుకుతుంది. రెండింటి మీదా ఎక్స్‌ట్రాక్ట్ ఎమ్‌ఐసీ ఒకటే వస్తే, ఈ బ్యాక్టీరియాకి ఉన్న రెసిస్టెన్స్ మీ ఎక్స్‌ట్రాక్ట్‌కి అడ్డు రావడం లేదని అర్థం. అది మంచి ఫలితమే, కాకపోతే "రెసిస్టెన్స్‌ను జయించింది" అని చెప్పడానికి అది చాలదు. పొరను చీల్చే అణువైనా, ప్రోటీన్లను ముద్ద చేసే అణువైనా పీబీపీ2ఏ ఉందా లేదా అని చూడదు కదా. ఎక్స్‌ట్రాక్ట్ సమక్షంలో ఆక్సాసిలిన్ (మెథిసిలిన్ జాతి మందు) మళ్లీ పని చేయడం మొదలుపెడితే, అది లొంగే స్ట్రెయిన్‌లో కనిపించకుండా ఎమ్‌ఆర్‌ఎస్‌ఏలో మాత్రమే కనిపిస్తే, అప్పుడు రెసిస్టెన్స్ గురించి మాట్లాడే హక్కు వస్తుంది. ఈ రెండు ఫలితాలకూ మధ్య చాలా దూరం ఉంది. మీ థీసిస్ వీటిలో దేని గురించో ముందే తేల్చుకోండి.

జోన్ మీద మరీ ఆధారపడవద్దని ఎందుకు అంటున్నానంటే, జోన్ వెడల్పు మందు బలం ఒక్కదాని మీదే ఉండదు. అణువు ఎంత పెద్దది, నీటిలో ఎంత కరుగుతుంది, అగార్ మందం 4 మి.మీ. ఉందా లేదా, బ్యాక్టీరియా ఎంత పల్చగా రాశారు, ఇవన్నీ కలిసి ఆ అంకెను తయారు చేస్తాయి. నూనె స్వభావం ఉన్న పదార్థం ఎంత బలమైనదైనా నీటి అగార్‌లో కదలకుండా వెల్ అంచునే కూర్చుంటుంది, జోన్ చిన్నదిగా వస్తుంది. చురుగ్గా పాకే బలహీనమైన ఆమ్లం పెద్ద జోన్ ఇస్తుంది. అందుకే రెండు వేర్వేరు మొక్కల జోన్‌లను పోల్చి, ఒకటి మెరుగని చెప్పడం కుదరదు. మొదటి వడపోతకి జోన్ సరిపోతుంది. ఆ వడపోత మీరు చేసేశారు. అన్నట్టు, ఒట్టి డీఎమ్‌ఎస్‌ఓ 100 మైక్రోలీటర్లు పోసిన వెల్ మీ ప్లేట్‌లో ఉందా? లేకపోతే రేపే చేయండి. ఆ సాంద్రతలో డీఎమ్‌ఎస్‌ఓ తనంతట తానే పెరుగుదలను తగ్గించగలదు.

తర్వాతి మెట్టు బ్రోత్ మైక్రోడైల్యూషన్, అంటే బ్రోత్‌లో మందును సగం సగం పలచన చేస్తూ ఎమ్‌ఐసీ కొలవడం. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

96 గుంతల ప్లేట్ తీసుకోండి. అడ్డ వరుసలో 12 గుంతలు ఉంటాయి. మొదటి పది గుంతల్లో ఎక్స్‌ట్రాక్ట్ మిల్లీలీటరుకు 1024 మైక్రోగ్రాముల నుంచి సగం సగం అవుతూ 2 మైక్రోగ్రాముల దాకా దిగాలి. 11వ గుంత బ్యాక్టీరియా మాత్రమే, 12వది ఒట్టి బ్రోత్. తుది డీఎమ్‌ఎస్‌ఓ ఒక శాతం దాటకూడదు. అలా కావాలంటే మీ మూల ద్రావణం మిల్లీలీటరుకు 102.4 మి.గ్రా. ఉండాలి, దాన్ని మొత్తం మీద వంద రెట్లు పలచన చేయాలి. ఒక శాతం డీఎమ్‌ఎస్‌ఓ కలిపిన బ్యాక్టీరియా వరుస కూడా విడిగా ఉండాలి. బ్రోత్‌గా కాటయాన్ సరిచేసిన ముల్లర్ హింటన్ వాడండి. ఇందులో కాల్షియం, మెగ్నీషియం మోతాదు స్థిరంగా ఉంటుంది. కరక్కాయలో ఉండే టానిన్లు (వగరు పదార్థాలు) లోహ అయాన్లను పట్టుకుంటాయి కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం.

ఇనాక్యులం (గుంతలో వేసే బ్యాక్టీరియా మోతాదు) విషయంలో అంచనాలు పనికిరావు. 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం మసకదనపు కొలత) అంటే మిల్లీలీటరుకు సుమారు ఒకటి నుంచి రెండు వందల మిలియన్ల కణాలు. దాన్ని వంద రెట్లు పలచన చేసి 100 మైక్రోలీటర్లు, అప్పటికే 100 మైక్రోలీటర్లు ఉన్న గుంతలో పోస్తే, మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల కణాలు అవుతాయి. అయ్యాయో లేదో చూసుకోవడం తేలిక. ప్లేట్ వేసిన వెంటనే 11వ గుంత నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు అగార్ మీద పరచండి. మర్నాడు సుమారు 50 కాలనీలు కనిపించాలి. 5 వచ్చాయంటే మీ ఎమ్‌ఐసీ అబద్ధపు మంచి అంకె. 500 వచ్చాయంటే మీ ఎక్స్‌ట్రాక్ట్‌కి అన్యాయం చేశారు. పది నిమిషాల పని ఇది, దీన్ని దయచేసి మానకండి. ఇంక్యుబేషన్ 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏకి ఆక్సాసిలిన్, వాంకోమైసిన్ చూసేటప్పుడు నిండా 24 గంటలు ఉంచాలి. ఆక్సాసిలిన్ బ్రోత్‌లో 2 శాతం ఉప్పు కూడా ఉండాలి. 35 డిగ్రీలు దాటితే మెథిసిలిన్ రెసిస్టెన్స్ కనిపించకుండా పోవచ్చు. వాంకోమైసిన్‌కి ఏటీసీసీ 29213 మీద ఎమ్‌ఐసీ 0.5 నుంచి 2 మైక్రోగ్రాముల మధ్య రావాలి. రాలేదంటే ఆ రోజు ప్లేట్ మొత్తం చెల్లదు, ఎక్స్‌ట్రాక్ట్ వరుస ఎంత అందంగా ఉన్నా సరే.

ఇక కరక్కాయతో మీకు తప్పకుండా ఎదురయ్యే సమస్య చెబుతాను. మర్నాడు పొద్దున ప్లేట్ బయటికి తీస్తే మొదటి నాలుగైదు గుంతలు గోధుమ రంగులో, అడుగున మడ్డి పట్టి కనిపిస్తాయి. అది బ్యాక్టీరియానా, అవక్షేపమా అని కంటితో చెప్పలేరు. బ్రోత్‌లో మాంసపు సారం, కేసిన్ ముక్కలు ఉంటాయి, టానిన్లు వాటిని పట్టుకుని గడ్డకట్టిస్తాయి. మొదట్లో నేను అలాంటి ఒక బెరడు ఎక్స్‌ట్రాక్ట్ ప్లేట్‌ను చూసి, పెరుగుదల ఉందని నోట్‌బుక్‌లో రాసేశాను. అనుమానం వచ్చి ఆ గుంతల నుంచి తీసి అగార్ మీద గీస్తే, మర్నాటికి ఒక్క కాలనీ లేదు. మడ్డినే పెరుగుదల అనుకున్నానన్నమాట.

దీనికి అందరూ చెప్పే ఉపాయం రెసజురిన్ అనే రంగు. బతికున్న కణాలు నీలాన్ని గులాబీ రంగుకు మారుస్తాయి. కానీ ఫినాలిక్ పదార్థాలు దండిగా ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ బ్యాక్టీరియా లేకుండానే ఆ రంగు మార్చగలదు. అప్పుడు చచ్చిన గుంత కూడా బతికినట్టు కనిపిస్తుంది. ఎమ్‌టీటీ అనే ఇంకో రంగుకి కూడా ఇదే జబ్బు. కాబట్టి ప్రతి సాంద్రతకీ బ్యాక్టీరియా లేని జోడీ గుంత పెట్టండి, అంటే బ్రోత్, ఎక్స్‌ట్రాక్ట్, రెసజురిన్ మాత్రమే. ఆ జోడీ గుంత గులాబీ అయితే రంగు పద్ధతి మీ మొక్కకి పనికిరాదు. ప్రతి గుంత నుంచీ అగార్ మీద చుక్క పెట్టి చూడటమే దారి. శ్రమే, కానీ నమ్మకమైన పద్ధతి.

ఆ చుక్కలతోనే ఎమ్‌బీసీ (బ్యాక్టీరియాను చంపే కనీస సాంద్రత) కూడా తేలుతుంది. 5 లక్షల కణాలతో మొదలుపెట్టి 99.9 శాతం చచ్చాయంటే మిల్లీలీటరుకు 500 మిగలాలి. 10 మైక్రోలీటర్లలో అది 5 కాలనీలు. ఎమ్‌బీసీ, ఎమ్‌ఐసీకి నాలుగు రెట్లలోపు ఉంటే చంపే గుణం ఉందంటారు. చుక్కతో పాటు ఎక్స్‌ట్రాక్ట్ కూడా అగార్ మీదికి వచ్చి పెరుగుదలను అక్కడా ఆపవచ్చు, అందుకే పలచన చేసి కూడా ఒక చుక్క పెట్టండి.

ఎమ్‌ఐసీ ఎంత వస్తే బాగున్నట్టు? ఈ రంగంలో చాలామంది పాటించే కొలత ఇది: ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, లేదా అంతకంటే తక్కువ వస్తే ముందుకు వెళ్లడం విలువైనది. వేరుచేసిన శుద్ధ పదార్థానికి ఆ గీత 10 మైక్రోగ్రాముల దగ్గర ఉంటుంది. 1000 దాటిన ముడి ఎక్స్‌ట్రాక్ట్ గురించి "చర్య ఉంది" అని రాయకపోవడం మేలు. ఎందుకో చూడండి. ఒక మనిషి ప్లాస్మా సుమారు 3 లీటర్లు. మిల్లీలీటరుకు ఒక మి.గ్రా. సాంద్రత కావాలంటే ప్లాస్మాలోనే 3 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ కరిగి ఉండాలి. కణజాలాల్లోకి వెళ్లేది, కాలేయం విరగ్గొట్టేది, ప్రోటీన్లు పట్టేసుకునేది ఇందులో లెక్కలోకి రాలేదు.

కరక్కాయకి ఇంకో అడ్డంకి కూడా ఉంది. అందులోని చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాల లాంటి పెద్ద టానిన్లు నోటి ద్వారా తీసుకుంటే యథాతథంగా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పేగుల్లోని బ్యాక్టీరియా ఇలాంటి ఎల్లజిటానిన్లను యూరోలిథిన్‌లు అనే వేరే పదార్థాలుగా మార్చేస్తాయి. అందుకని నా సలహా, మీ పనిని మింగే మందు దిశలో కాకుండా చర్మం, గాయం, నోటి లోపలి పొర లాంటి పైపూత దిశలో ఆలోచించండి. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ చర్మం మీద, గాయాల్లో తిష్ట వేసే బ్యాక్టీరియా కాబట్టి ఆ ఆలోచనకి అర్థముంది. అక్కడ మిల్లీగ్రాముల సాంద్రత సాధ్యమే.

ఇప్పుడు అందరికంటే కష్టమైన ప్రశ్న: మీరు చూస్తున్నది కరక్కాయ ప్రత్యేకతా, లేక ఒట్టి టానిన్ ప్రభావమా? తోళ్లను పదును చేయడానికి కరక్కాయ వాడతారు. తోలులోని ప్రోటీన్‌ను బిగించేసే గుణమే ఇక్కడ బ్యాక్టీరియా ప్రోటీన్‌ను కూడా బిగిస్తుంది, ఎంజైమ్‌లను ఆపుతుంది, ఇనుమును లాక్కుంటుంది. అన్నింటినీ పట్టుకునే అణువు దేనికీ ప్రత్యేకమైన మందు కాలేదు. పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. ఎక్స్‌ట్రాక్ట్‌ను పాలీవినైల్ పాలీపైరోలిడోన్‌తో కలిపి వడగట్టండి, టానిన్లలో ఎక్కువ భాగం దానికి అంటుకుని పోతుంది. మిగిలినదాని ఎమ్‌ఐసీ చూడండి. చర్య మొత్తం పోయిందంటే పని చేసింది టానిన్లే. ఆ ఫలితాన్ని దాచకండి, అలాగే రాయండి. ఈ మొక్క మీద వచ్చిన ఎన్నో జోన్‌ల పేపర్లకంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. చర్య కొంతైనా మిగిలిందంటే మీ చేతిలో అసలైన దారం ఉంది. హెక్సేన్, ఇథైల్ అసిటేట్, బ్యుటనాల్, నీరు అనే వరుసలో విడదీసి, ఏ భాగంలో చర్య నిలిచిందో వెంబడించండి. టీఎల్‌సీ (పల్చటి పొర మీద పదార్థాలను విడదీసే పద్ధతి) ప్లేట్ మీద భాగాలను పరిచి, పైన బ్యాక్టీరియా, ఎమ్‌టీటీ చల్లే బయోఆటోగ్రఫీ చేస్తే, ఊదా రంగు మధ్యలో తెల్లటి మచ్చ కనిపించిన చోట పని చేసే పదార్థం ఉన్నట్టు. మొదటిసారి ఆ తెల్ల మచ్చను చూసిన రోజు మీరు మర్చిపోరు.

పీహెచ్ కూడా చూడండి. గాలిక్ ఆమ్లం, టానిన్ ఆమ్లాలు ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ పై సాంద్రతల్లో బ్రోత్‌ను పుల్లగా మార్చగలదు. బ్రోత్ పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. మీ 1024 గుంతలో అది 5కి పడిపోయి ఉంటే మీరు కొలిచింది పులుపునే.

ఈ.కోలై, క్లెబ్సియెల్లా మీద ఏమీ రాలేదని నిరాశ పడినట్టున్నారు. అది మీ పొరపాటు కాదు. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, దాని మీద లైపోపాలీశాకరైడ్ కవచం. చిన్న చిన్న పోరిన్ రంధ్రాల గుండా దూరినవాటిని కూడా ఏసీఆర్-ఏబీ-టోల్‌సీ లాంటి పంపులు బయటికి తోసేస్తాయి. మొక్కల అణువుల్లో చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. బాధాకరమేమిటంటే అవసరం ఎక్కువ ఉన్నది కూడా ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రాధాన్య జాబితాలో అత్యంత తీవ్రమైన వర్గంలో ఉన్నవి కార్బపెనెమ్‌లకు లొంగని అసినెటోబ్యాక్టర్, కార్బపెనెమ్‌లకు గానీ మూడో తరం సెఫలోస్పోరిన్‌లకు గానీ లొంగని ఎంటరోబ్యాక్టీరియేల్స్ (ఈ.కోలై, క్లెబ్సియెల్లా ఉండే వర్గం), రిఫాంపిసిన్‌కి లొంగని క్షయ బ్యాక్టీరియా. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ దాని తర్వాతి వర్గంలో ఉంది. లాన్సెట్‌లో 2022లో వచ్చిన అంచనా ప్రకారం, 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు 12.7 లక్షలు. ఈ అంకె మనసులో పెట్టుకుంటే, తొందరపడి "శక్తివంతమైనది" అనే మాట రాయబుద్ధి కాదు.

గ్రామ్ నెగెటివ్ మీద ఊరుకోవాలని లేదంటే, బయటి పొరను కొంచెం వదులు చేసే పాలీమిక్సిన్ బీ నోనాపెప్టైడ్‌తోనో, పంపులను ఆపే పీఏబీటాఎన్‌తోనో కలిపి మీ ఎక్స్‌ట్రాక్ట్‌ను పరీక్షించండి. టోల్‌సీ తొలగించిన ఈ.కోలై స్ట్రెయిన్ దొరికితే ఇంకా మంచిది. అక్కడ ఎమ్‌ఐసీ బాగా దిగిందంటే, లోపల పని చేసే అణువు ఉంది, దాన్ని చేరనివ్వడం లేదని తెలుస్తుంది. ఒట్టి "చర్య లేదు" అనే మాటకంటే ఇది ఎంతో విలువైన సమాచారం.

ఈ విషయంలో నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ బెర్బెరిన్. బెర్బెరిస్ మొక్కల్లో ఉండే పసుపు పచ్చని ఆల్కలాయిడ్ అది. స్టెఫైలోకాకస్ ఆరియస్ దాన్ని నార్-ఏ అనే పంపుతో బయటికి తోసేస్తుంది, అందుకే విడిగా చూస్తే బలహీనంగా కనిపిస్తుంది. స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం 2000లో చూపించిందేమిటంటే, అదే మొక్క 5-ప్రైమ్-మెథాక్సీహిడ్నోకార్పిన్ అనే ఇంకో పదార్థాన్ని కూడా తయారు చేస్తుంది. దానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. అది నార్-ఏ పంపును మూసేస్తుంది, అప్పుడు బెర్బెరిన్ లోపల నిలిచి పని చేస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌ను భాగాలుగా విడదీస్తున్నప్పుడు చర్య ఏ భాగంలోనూ కనిపించకుండా మాయమైతే ఈ కథ గుర్తు చేసుకోండి. భాగాలను జంటలుగా మళ్లీ కలిపి చూడండి.

అదే ఆలోచనతో చెకర్‌బోర్డ్ పరీక్ష. ప్లేట్‌లో ఒక దిశలో ఎక్స్‌ట్రాక్ట్, ఇంకో దిశలో ఆక్సాసిలిన్ పలచన చేస్తూ వెళ్తారు. ఉదాహరణకి ఎక్స్‌ట్రాక్ట్ ఎమ్‌ఐసీ విడిగా 512, కలిపితే 64 అనుకోండి. ఆక్సాసిలిన్ విడిగా 64, కలిపితే 4. ఎఫ్‌ఐసీ సూచిక (కలిపినప్పుడు ఎమ్‌ఐసీలు ఎన్నో వంతుకు దిగాయో చూపే లెక్క) అంటే 64 బై 512, దానికి 4 బై 64 కలపాలి. 0.125, 0.0625, మొత్తం 0.1875. సూచిక 0.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే సినర్జీ (ఒకదానికొకటి బలం ఇవ్వడం), 4 దాటితే పరస్పర విరోధం, మధ్యలో ఏదైనా సినర్జీ లేనట్టే. 0.6 వస్తే "పాక్షిక సినర్జీ" అని రాసే అలవాటు కనిపిస్తుంది, దయచేసి దాన్ని పాటించకండి. ఒక్క గుంత అటూ ఇటూ జరగడం ఈ పద్ధతిలో మామూలే. ఇంకో సూక్ష్మం: పై ఉదాహరణలో లెక్క ప్రకారం గట్టి సినర్జీ ఉంది, కానీ స్టెఫైలోకాకస్ ఆరియస్‌కి ఆక్సాసిలిన్ 4 మైక్రోగ్రాములు అంటే ఇంకా రెసిస్టెంట్ వైపే. 2కి దిగితేనే లొంగినట్టు. సూచికతో పాటు ఈ గీత దాటిందో లేదో కూడా రాయండి.

విషప్రభావం పరీక్షను చివరికి వాయిదా వేయకండి. బ్యాక్టీరియాను చంపేది మన కణాలను కూడా చంపుతుంటే మిగిలిన శ్రమంతా వృథా. వెరో (కోతి) లేదా హెచ్‌ఈకే 293 (మనిషి) మూత్రపిండ కణాల్లో సగం చచ్చే సాంద్రతను ఎమ్‌ఐసీతో భాగిస్తే సెలెక్టివిటీ ఇండెక్స్ వస్తుంది. కనీసం 10 ఉండాలని ఆశిస్తాం. ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయా అని హీమోలిసిస్ పరీక్ష ఒక పూటలో అయిపోతుంది, మీ ఎక్స్‌ట్రాక్ట్ పొరలను చీల్చే రకమో కాదో అందులోనే తెలుస్తుంది. ఇక్కడ కూడా ఎమ్‌టీటీ వాడితే ఇందాక చెప్పిన రంగు గొడవ ఉంటుందని మర్చిపోకండి.

పెచ్చులు, మిథనాల్ అన్నది తప్ప ఎక్స్‌ట్రాక్ట్ తయారీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. సాధారణంగా అందరూ దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఇంకొకరు మీ పని మళ్లీ చేయగలరా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. కాయ పండిందా, పచ్చిదా, ఎక్కడ ఎప్పుడు సేకరించారు, ఎవరు గుర్తించారు, హెర్బేరియంలో నమూనా నంబర్ ఎంత, ఎండబెట్టిన తీరు, పొడికి ద్రావణి నిష్పత్తి, చివరికి ఎంత శాతం దిగుబడి వచ్చింది, ఇవన్నీ ఉండాలి. మిథనాల్‌ను ఆవిరి చేసేటప్పుడు 40 డిగ్రీలు దాటనివ్వకండి. వేడి ఎంత పని చేస్తుందో ఆర్టెమిసినిన్ కథ చెబుతుంది. తూ యూయూ బృందం మలేరియా మందు కోసం ఆర్టెమిసియా మొక్కను పరీక్షిస్తుంటే ఫలితాలు నిలకడగా రాలేదు. ఆకును నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్న, పదహారు వందల ఏళ్లు దాటిన ఒక చైనా వైద్య గ్రంథంలోని వాక్యం చదివాక, మరిగించడం వల్లే గుణం పోతోందేమోనని ఆమెకు తోచింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో తీశారు. 1971లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా పరాన్నజీవులను పూర్తిగా తొలగించింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మొక్క అదే, తీసే పద్ధతి మాత్రమే మారింది. మీరు కూడా ఒకే పొడిని మిథనాల్‌తో, ఇథైల్ అసిటేట్‌తో, చల్లని నీటితో విడివిడిగా తీసి పోల్చి చూడండి. ప్రతి బ్యాచ్‌కీ హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) చెబులాజిక్ ఆమ్లం శిఖరం చూసుకుంటే బ్యాచ్‌ల తేడా బయటపడుతుంది.

గణాంకాల గురించి క్లుప్తంగా. ఒకే ప్లేట్‌లో మూడు వరుసలు మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, కొత్త కల్చర్‌తో, మూడుసార్లు చేయాలి. ఎమ్‌ఐసీ రెట్టింపు మెట్లలో నడిచే అంకె కాబట్టి సగటు, ప్లస్ ఆర్ మైనస్ రాయడం అర్థం లేనిది. మధ్యస్థం రాసి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చిందో చెబితే చాలు. 128, 256, 128 వస్తే 128 అని రాసి, పరిధి 128 నుంచి 256 అనండి.

భద్రత విషయం మీ గైడ్ చెప్పే ఉంటారు, అయినా చెబుతాను. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, రెసిస్టెంట్ క్లెబ్సియెల్లా రెండో స్థాయి బయోసేఫ్టీ ఉన్న చోటే తెరవాలి. వాడిన ప్లేట్లు, టిప్‌లు 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పడాల్సిందే, సింక్‌లో పోయకూడదు. ఆసుపత్రి నమూనాల నుంచి తీసిన స్ట్రెయిన్‌లైతే నైతిక కమిటీ అనుమతి, మొక్క వేరే దేశం నుంచి వచ్చిందైతే నగోయా ఒప్పందం (జీవ వనరుల వాడకం మీద అంతర్జాతీయ ఒప్పందం) కింద కావాల్సిన అనుమతులు ముందే చూసుకోండి. పేపర్ పంపే రోజున వీటి కోసం వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

టైమ్ తక్కువ ఉందంటే ఈ వరుసలో చేయండి. ఈ వారం సెఫాక్సిటిన్ డిస్క్, డీఎమ్‌ఎస్‌ఓ వెల్, పీహెచ్. వచ్చే వారం రెండు స్ట్రెయిన్‌ల మీద ఎమ్‌ఐసీ, జోడీ గుంతలతో. ఆ తర్వాత టానిన్ తీసేసిన ఎక్స్‌ట్రాక్ట్‌తో మళ్లీ అదే ప్లేట్. ఆ మూడో ప్లేట్ చూశాకే చెకర్‌బోర్డ్‌కి వెళ్లాలా, భాగాలుగా విడదీయాలా అన్నది నిర్ణయించుకోవచ్చు. ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్న డేటాతో రాయగలిగిన వాక్యం ఇది: "కరక్కాయ పెచ్చుల మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్, వెల్‌కి 10 మి.గ్రా. చొప్పున, పరీక్షించిన స్టెఫైలోకాకస్ ఆరియస్ స్ట్రెయిన్ మీద 18 మి.మీ. జోన్ చూపింది, ఈ.కోలై, క్లెబ్సియెల్లా మీద చూపలేదు." సెఫాక్సిటిన్‌తో అది ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ అని తేలితే "స్ట్రెయిన్" ముందు "ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ" అని చేర్చండి. మూడో ప్లేట్ ఫలితం వస్తే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.